పూడిక తర్వాత, ముందు చెరువుకు నీరటిని పెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో అయిపోయాయి. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్న మా తెలంగాణ పల్లెలకు మళ్లీ సర్పంచులు వచ్చారు. అదే నెలలో కేంద్రం ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. 125 రోజుల పని అంటోంది, ఖర్చులో 40 శాతం రాష్ట్రం భరించాలంటోంది, చేయాల్సిన పనుల్లో నీటి భద్రతకు మొదటి పీట వేసింది. ఆ చట్టం మంచిచెడ్డల జోలికి నేను పోను. కానీ నీటి పనులంటే మా వైపు వెంటనే గుర్తొచ్చేది చెరువు పూడిక. ఈ ఎండాకాలం కూడా ఊరూరా పూడికతీతకే తీర్మానాలు రాస్తారని నా అనుమానం. అది జరగక ముందే, పూడిక కన్నా ముందు చెరువును కనిపెట్టుకుని నీళ్లు వదిలే మనిషి, అంటే నీరటి కావాలన్న మాట చెప్పాలని రాస్తున్నాను.

రాష్ట్రంలో చెరువులు, కుంటలు కలిపి 46 వేలకు పైగా ఉన్నాయి. కృష్ణా, గోదావరి బేసిన్లలో చిన్న నీటి వనరుల వాటా 265 టీఎంసీలని మన నాయకులు చాలాసార్లు చెప్పారు. ఆ నీళ్లను చెరువుల్లోకి మళ్లీ తేవాలని 2015 మార్చి 12న ఇప్పటి కామారెడ్డి జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలుపెట్టారు. నాలుగు విడతల్లో 27 వేలకు పైగా చెరువులు బాగు చేశామన్నది అప్పటి ప్రభుత్వం చెప్పిన లెక్క. ఆ పథకాన్ని తిట్టే వాళ్లలో నేను లేను. పూడిక తవ్వే ఖర్చు సర్కారు పెట్టుకుంది, పొలానికి తోలుకునే ట్రాక్టర్ కిరాయి రైతు పెట్టుకున్నాడు. మా ఎర్ర దుబ్బ నేలల్లో ఆ మట్టి వేసిన మళ్లు ఇప్పటికీ వేరుగా కనబడతాయి. వాన ముఖం చాటేసినా పత్తి నాలుగు రోజులు తట్టుకుంటుంది. చెరువు నిండిన ఏడాది చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో నీళ్లు పైకొస్తాయి. పర్యావరణం పేరుతో ప్రభుత్వాలు చేసిన పనుల్లో పల్లె మనిషి పొలానికి నేరుగా అందినవి చాలా తక్కువ. ఇది అందింది.

చిక్కు ఎక్కడంటే, మట్టి తవ్వే ప్రొక్లైనర్ వెళ్లిపోయిన మర్నాటి నుంచి ఆ చెరువు ఎవరిది?

పాత రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండేది. ప్రతి చెరువుకూ నీరటి ఉండేవాడు. అతనికి కొంత ఇనాం భూమి, కల్లంలో ప్రతి రైతు కొలిచే మేర, అంటే పంటలో కొంత వాటా. వాన దంచి కొట్టే రాత్రి కందిలి పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బుంగలోంచి నీళ్లు ఊరుతుంటే అప్పటికప్పుడు నలుగురిని లేపుకొచ్చి పూడ్చేవాడు. తూము ఎప్పుడు ఎంత లేపాలో, చివరి మడికి నీళ్లు పారడానికి ఎన్ని గంటలు పడుతుందో అతనికే తెలుసు. యాసంగిలో నీళ్లు చాలకపోతే ఊరు కూర్చుని తైబందీ, అంటే ఎంత భూమికి నీళ్లివ్వాలన్న ఒప్పందం, రాసుకునేది, దాన్ని కచ్చితంగా నడిపించేది నీరటే. ఈ ఏర్పాటులో కులం ఉంది, వెట్టి ఉంది. వాటిని వెనక్కి తెమ్మని ఎవరూ అడగరు, నేనూ అడగను. అడుగుతున్నది ఆ ఉద్యోగాన్ని, అదీ సరైన జీతంతో.

2023 జులైలో రాష్ట్ర ప్రభుత్వం 20,555 మంది వీఆర్ఏలను (గ్రామ రెవెన్యూ సహాయకులను) క్రమబద్ధీకరించింది. వారిలో నీరటి, మస్కూరి, కావలికారు వంటి పాత ఊరి కొలువుల కుటుంబాల వారసులు ఎందరో ఉన్నారు. వాళ్లకు పే స్కేల్ రావడం న్యాయమే, ఎన్నో ఏళ్లు ఆలస్యమైన న్యాయం. కానీ వాళ్లను మున్సిపాలిటీలకు, తాగునీటి పథకం మిషన్ భగీరథకు, ఇతర శాఖలకు సర్దారు. కొందరు నీటి పారుదల శాఖకూ వెళ్లారు, నిజమే. ఊరి చెరువు కట్ట మీద మాత్రం నిలబడే మనిషి లేకుండా పోయాడు. మా చెరువు తూము షట్టర్ తుప్పు పట్టి సగంలో ఇరుక్కుపోతే రైతులమే ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకున్నాం. ఆఫీసుకు పోతే, అంచనాలు పంపాం, బడ్జెట్ రాలేదు అన్నారు. 2020 చివర్లో శాఖను పునర్వ్యవస్థీకరించి, మరమ్మతుల కోసమే ఓ అండ్ ఎం (నిర్వహణ) విభాగం పెట్టి, కింది స్థాయి ఇంజినీర్లకు చిన్న పనులు మంజూరు చేసే అధికారం ఇచ్చారు. ఆలోచన చాలా మంచిది. అయితే షట్టర్ చెడిందని ఇంజినీరుకు చెప్పే మనిషి కట్ట మీద ఉంటేనే ఆ అధికారం పనికొస్తుంది.

కట్ట మీద మనిషి అవసరం ఎప్పుడు పడుతుందో చూశాం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానకు ఏ కట్టయినా వణుకుతుంది, దాన్ని ఎవరి తప్పుగానూ చూపలేం. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడిన ఫొటోలు మీ పత్రికలోనూ వచ్చాయి. మాది గొలుసుకట్టు. పై ఊరి చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువుకు రావాలి. పైన ఒక కుంట తెగితే కింద వరసగా అన్నిటి మీదా ఆ బరువు పడుతుంది. ముందు రోజు సాయంత్రం తూము లేపి కొంత నీళ్లు వదిలేయాలని నిర్ణయించేది ఎవరు? ఆ రాత్రి కింది ఊరికి ఫోన్ చేసేది ఎవరు?

తగాదాల సంగతి వేరే. శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, సాగు చేసుకునే వాళ్లకు చెరువు నిండితే పంట మునుగుతుంది. వాళ్లు రాత్రికి రాత్రి మత్తడి పగలగొట్టిన ఊళ్లున్నాయి. మత్స్య సొసైటీ వాళ్లు చేపపిల్లలు వదులుకున్నారు కాబట్టి ఎండాకాలం నీళ్లు వదలొద్దంటారు. వాళ్ల బాధ వాళ్లది, అది అబద్ధం కాదు. ఆయకట్టు రైతు చివరి తడి కోసం తూము లేపమంటాడు. ముగ్గురికీ నచ్చచెప్పే వేదిక చట్టంలో ఉంది. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సాగునీటి సంఘాల చట్టం అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఆ సంఘాలకు ఎన్నికలు జరిపారు. అక్కడ ఏకగ్రీవాల వెనక ఎంత రాజకీయం ఉందో అందరికీ తెలుసు, అయినా ఎన్నికంటూ జరిగింది. మన దగ్గర ఆ ఎన్నికలు లేవు. చెరువు పండగలు చేశాం, నియోజకవర్గానికొకటి అంటూ మినీ ట్యాంక్‌బండ్లు కట్టాం, రెయిలింగులకు రంగుల లైట్లు పెట్టాం. కొన్నిచోట్ల లైట్లు వెలుగుతున్నాయి, తూములు మాత్రం తిరగడం లేదు.

పూడికకు కూడా ఒక క్రమం ఉంది. ఎంత లోతు తవ్వినా నీళ్లు చేరే దారి లేకపోతే అది గుంతే. మా చెరువుకు నీళ్లు తెచ్చే కట్టుకాలువ మూడు చోట్ల పొలాల్లో కలిసిపోయింది, ఒకచోట వెంచర్ రోడ్డు కింద పడింది, మిగిలిన దారంతా సర్కారు తుమ్మ. కాంట్రాక్టరుకు చెరువులో మట్టి తవ్వితే క్యూబిక్ మీటర్లలో బిల్లు వస్తుంది. కాలువ గట్టు మీద ఉన్న రైతుతో మాట్లాడి, సర్వేయర్‌ను తెచ్చి, హద్దురాళ్లు పాతితే బిల్లు రాదు, పైగా శత్రువులు తయారవుతారు. అందుకే పదేళ్లుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

కొత్త సర్పంచులకు, సాగునీటి శాఖ మంత్రికి మీ పత్రిక ద్వారా నేను చెప్పేది ఇదీ. ఈ ఏడాది కూలీ పనుల్లో కట్టుకాలువలు, మత్తడి కాలువలు మొదట పెట్టండి, పూడిక తర్వాత. ఆయకట్టు ఉన్న ప్రతి పెద్ద చెరువుకు ఒకరిని, చిన్న కుంటలైతే నాలుగైదింటికి కలిపి ఒకరిని నీరటిగా నియమించండి. పాత వృత్తి కుటుంబాల్లో ఇష్టపడే వాళ్లకు మొదటి అవకాశం ఇవ్వండి, కులంతో ముడిపెట్టకండి, ఆడవాళ్లను వదిలేయకండి. జీతం నీటి పారుదల శాఖ ఇవ్వాలి, హాజరు పంచాయతీ చూడాలి. పంచాయతీ ఖాతాలో డబ్బు వచ్చినప్పుడు ఇస్తామంటే కుదరదు, ట్రాక్టర్ డీజిల్ బాకీలు, పారిశుధ్య కార్మికుల జీతాల గతి చూస్తూనే ఉన్నాం. సాగునీటి సంఘాల ఎన్నికలకు తేదీ చెప్పండి.

ఇవన్నీ జరిగేలోపు పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. ప్రతి పంచాయతీ గోడ మీద ఊరి చెరువు వివరాలు పెయింట్ చేయించండి: ఆయకట్టు ఎన్ని ఎకరాలు, శిఖం ఎన్ని ఎకరాలు, ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దులు ఏ సర్వే నంబర్ల మీదుగా పోతాయి, కట్టుకాలువ ఎక్కడ మొదలవుతుంది, తూము తాళం ఎవరి దగ్గర ఉంది, వాన రాత్రి ఏ ఫోన్ నంబరుకు చేయాలి. మృగశిర కార్తె లోపు అది రాయిస్తే మిగతాది అడగడానికి మేము ఉన్నాం.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
జనగామ జిల్లా