కరెంటు పోయిన కథ

నల్లగొండ,
ఆదివారం ఉదయం.

చిరంజీవి మానసకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది, అయినా తగ్గలేదని చెప్పి పొద్దుటి నడక ఎగవేస్తున్నారు. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. తలచడమే గాని తెలుసుకునే వీలు లేదు, ఎందుకంటే మూడు వారాలుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, నేను పెట్టే ప్రతి మెసేజ్‌కూ ఒక బొటనవేలి బొమ్మ మాత్రం వస్తున్నది. ఆ బొటనవేలిని చూసి బిడ్డ వేళకు తిన్నదో లేదో పోల్చుకునే విద్య నాకు ఇంకా రాలేదు. సరే, నేను కూర్చున్నది దాని గురించి వ్రాయడానికి కాదు, మన అమెరికా అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ గురించి వ్రాయడానికి.

పోయినసారి మాట్లాడినప్పుడు స్టార్ ట్రెక్‌లోనే కొత్తదైన నీ డిస్కవరీని నేను ఏడుపుగొట్టు సీరియల్ అన్నాను, నువ్వు "సరేలే అమ్మా" అని ఫోన్ పెట్టేశావు. నీ కోపం ఆ మాటకేనని అనుకుంటున్నాను. దానికే అయితే మంచిదే, నా అభిప్రాయాన్ని కాగితం మీద పద్ధతిగా పెడితే అందులో తిట్టు సగమేనని నీకే తెలుస్తుంది. 2017లో మొదలై 2024లో ముగిసిన అయిదు సీజన్లనూ నేను కళ్లద్దాలు మార్పించుకొని మరీ చూశాను. ఆ అంతరిక్ష ఓడలో దీపాలు సరిగా వెలిగించరు. డబ్బుతోనే పని లేని కాలానికి చేరుకున్న మనుషులు కరెంటు బిల్లు ఎందుకు పొదుపు చేస్తున్నారో నాకు అంతుపట్టలేదు. ఒక గ్రహానికి వెళ్లి అక్కడి తగవు తీర్చి తిరిగి వచ్చే కథలు తగ్గిపోయి, సీజను సీజనుకూ సృష్టి మొత్తానికే ఆపద ముంచుకు రావడం మొదలైంది. అన్నిటినీ మించి, పాత సీరియల్‌లో కెప్టెన్ పక్కన ఉండే స్పాక్‌ను మనం 1966 నాటి కథల నుండి చూస్తున్నాము, యాభై ఏళ్లలో ఒక్కనాడైనా అతను మా ఇంట్లో ఒక అక్క పెరిగిందని అనలేదు. ఉన్నట్టుండి డిస్కవరీ నాయిక బర్నమ్ వచ్చి నేను అతని పెంపుడు అక్కను అంటుంది. మన ఇళ్లలో అయితే శుభలేఖలో తన పేరు వేయలేదని ఆ అక్క ఎప్పుడో నానా రభస చేసి ఉండేది.

ఇంత నచ్చనిదాన్ని అయిదు సీజన్లూ ఎందుకు చూశావని నువ్వు అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

పోయే ముందు ఒక్క మాట. మొన్న మిర్యాలగూడలో సరిత పెళ్లికి వెళ్లినప్పుడు స్వరూపత్త నన్ను పక్కకు పిలిచి, "మానస ఉద్యోగం మానేసిందట గదా వదినా" అన్నది. వాళ్ల చిన్నోడు మీ బెంగళూరులోనే ఉన్నాడు గదా. అటువంటిదేమీ లేదని చెప్పి నేను పప్పు వడ్డించుకున్నాను. స్వరూప సంగతి నీకు తెలియనిది కాదు, రాజు పరీక్ష తప్పాడని ఫలితాలు రాకముందే ఊరంతా చాటిన మనిషి. కాబట్టి నేను నమ్మలేదు.

1980ల నడుమ, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వచ్చేది. మా ఇంట్లో టీవీ లేదు. రామగిరిలో చిన్నాయన వాళ్లింట్లో చెక్క తలుపుల పెట్టెలో అమర్చిన నలుపు తెలుపు టీవీ ఉండేది, దాని తాళం చిన్నమ్మ కొంగుకు ఉండేది. బియ్యం ఏరి, బట్టలు ఉతికి ఆరవేసిన పిల్లలకే ఆ తలుపులు తెరుచుకునేవి. ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, ఆ సగాన్ని నేను అవ్వకు తెలుగులో చెప్పేదాన్ని, మిగిలిన సగం కల్పించేదాన్ని. మనుషులు ఒకచోట మాయమై ఇంకొకచోట తేలడం అవ్వకు వింతగా తోచలేదు, నారదుడు చేసేది అదే గదా అనేది. ప్రతి గ్రహం మీదా ఓడను దించి చూపించడానికి డబ్బు చాలక ఆ యంత్రాన్ని కల్పించారని చాలా ఏళ్ల తరువాత చదివినప్పుడు, అవ్వ ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాను. అవ్వకు స్పాక్ అంటే గొప్ప అభిమానం. కోపం రాని మగవాణ్ణి ఆమె తన జన్మలో అప్పుడే చూసింది.

వానాకాలంలో ఒక ఆదివారం, ముసురు పట్టి బొమ్మ నిలవకపోతే శీనుమామ గోనెసంచి కప్పుకొని మిద్దె ఎక్కి యాంటెన్నా పట్టుకున్నాడు. బొమ్మ కుదిరిందా అని పైనుండి అతను అరవడం, ఇంకొంచెం లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు తిప్పమని కిందినుండి మేము అరవడం. ఆ రోజు కథలో ఓడలోని డాక్టర్ మెకాయ్ పొరపాటున మందు ఎక్కువ ఎక్కి, మతి తప్పి, ఒక కాలద్వారంలోకి దూకి 1930 నాటి న్యూయార్కులో పడతాడు. అతన్ని వెతుకుతూ వెళ్లిన కెప్టెన్ కిర్క్, పేదలకు అన్నం పెట్టే ఈడిత్ కీలర్ అనే ఆమెను ప్రేమిస్తాడు. ఆమె బతికి ఉంటే చరిత్ర తప్పుదారి పట్టి యుద్ధంలో జర్మనీ గెలుస్తుందని, రోడ్డు ప్రమాదంలో ఆమె పోవలసిందేనని స్పాక్ కనిపెడతాడు. అవ్వ చేతిలో చిక్కుడుకాయలు ఉన్నాయి, ఈనెలు తీయడం మానేసి చూస్తున్నది. ఈడిత్ రోడ్డు దాటుతున్నది, లారీ వస్తున్నది, కరెంటు పోయింది. తెర నడుమ ఒక తెల్లని చుక్క కొద్దిసేపు మిణుకుమని అది కూడా ఆరిపోయింది. పైనుండి శీనుమామ, పాపం, బొమ్మ కుదిరిందా అని అరుస్తూనే ఉన్నాడు.

ఆమె బతికిందా అని అవ్వ అడిగింది. బతికింది అవ్వా అన్నాను. కిర్క్ ఆమెను ఇవతలికి లాగాడని, స్పాక్ తన తెలివితో చరిత్రను ఇంకో దారిన మళ్లించాడని అక్కడికక్కడే అల్లి చెప్పాను. అవ్వ మళ్లీ చిక్కుడుకాయలు అందుకున్నది. ఆ తరువాత టీచరునయ్యాక, పాఠాలు అయిపోయిన పీరియడ్లలో పదో తరగతి పిల్లలకు ఇరవై ఏళ్లు అదే ముగింపు చెప్పాను, చెప్పగా చెప్పగా అదే నిజమని నాకే నమ్మకం కుదిరింది. 2009లో, నీకు పన్నెండేళ్లప్పుడు, కంప్యూటర్‌లో నువ్వు ఆ ఎపిసోడ్ వెతికి పెట్టిన రోజు యాది ఉన్నదా? కాపాడటానికి ఉరికిన మెకాయ్‌ని కిర్క్ రెండు చేతులా పట్టి ఆపుతాడు. లారీ గుద్దడం కనపడదు, ఆమె అరుపు మాత్రం వినపడుతుంది. నువ్వు తెర వైపు నుండి నా వైపు తిరిగి, "తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు గదా అమ్మా, ఎందుకు కల్పించావు?" అని అడిగావు. ఆ రోజు నీకు జవాబు చెప్పలేదు. ఈ మూడు వారాలుగా నేను మళ్లీ అదే పని చేస్తున్నాను. నీ గురించి ఎవరు అడిగినా కొత్త ప్రాజెక్టు పని ఒత్తిడిలో ఉన్నదని చెబుతున్నాను.

ఆ పాత సీరియల్‌ను నేను నెత్తిన పెట్టుకొని ఊరేగుతానని నువ్వు అంటావు గాని, దాని లోపాలు నాకు తెలియనివి కావు. అది నడిచింది మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. రెండో సీజను తరువాత ఆపివేస్తారన్న అనుమానంతో అమెరికాలో అభిమానులు మూటలకొద్దీ ఉత్తరాలు వ్రాసి దాన్ని బతికించుకున్నారు. అలా బతికి వచ్చిన మూడో సీజను మొదటి ఎపిసోడ్‌లో ఎవరో వచ్చి స్పాక్ మెదడును దొంగిలించుకుపోతారు. సీరియల్ బతికింది గాని మెదడు మిగలలేదని నేను, మీ నాన్న ఎన్నిసార్లు నవ్వుకున్నామో. 1969లో ఎలాగూ ఆపేశారు. ఇక ఒక ప్రతినాయకుడికి ఖాన్ నూనియన్ సింగ్ అని పేరు పెట్టి, అతను మన ఉత్తరాది సిక్కు అయి ఉంటాడని చెప్పి, మెక్సికోలో పుట్టిన నటుడి చేత 1967లో, 2013 సినిమాలో ఏకంగా తెల్లవాడైన ఆంగ్లేయుడి చేత ఆ వేషం వేయించారు. వంద కోట్ల మందిలో వాళ్లకు ఒక్క సింగ్ దొరకలేదు.

ఆ ఓడలోని నల్లజాతి అధికారిణి ఉహూరా సంగతి వ్రాయకుండా ఉండలేను. కాలేజీ రోజుల్లో ఆమె నాకు దేవత. తరువాత పెద్దదాన్నయి చూస్తే, ఆమె చేసే పని మన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కనెక్షన్లు కలిపే పనే అనిపించింది. ఆ వేషం వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజను తరువాత మానేద్దామని నిశ్చయించుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ కలిసి ఉండిపొమ్మని నచ్చజెప్పాడని, ఆమె ఉండిపోయిందని, 1970ల చివర నాసాకు ఆడవాళ్లను, నల్లజాతివాళ్లను చేర్చే పనిలో ఆమె ఎంతో సాయపడిందని నీకు పదిసార్లైనా చెప్పి ఉంటాను. నువ్వు ఆఫీసు గురించి ఏదైనా చెప్పబోయిన ప్రతిసారీ ఈ కథ ఎత్తుకుంటానని నువ్వు విసుక్కున్నావు. నిజమే కావచ్చు. కాని మానసా, ఉద్యోగం వదిలినవాళ్లకు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుంది, వేరే బీమా లేకుండా ఒక్క రోజు కూడా ఉండరాదు. పీఎఫ్ డబ్బు ముట్టుకోరాదు. ఆరు నెలల ఇంటి అద్దె చేతిలో ఉంచుకోవాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవడం ఉద్యోగం ఉన్నా లేకపోయినా మానరాదు. నువ్వు వదిలావని నేను అనడం లేదు, మాటవరసకు వ్రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు ఫోన్‌లో నేను ఏడుపుగొట్టు అన్న మాట ఒక్కటే అనలేదు. పై అధికారిని ధిక్కరించి కొలువు పోగొట్టుకున్న పిల్లను నాయికను చేసి ఇన్ని సీజన్లు మోస్తారా అని కూడా అన్నాను. "ఆమె ఎందుకు ధిక్కరించిందో నువ్వు చూశావా అమ్మా?" అని నువ్వు చాలా మెల్లగా అడిగావు. నేను పోపు వేస్తున్నాను, చిటపటల్లో సగం విని, చూశానులే అన్నాను. పెళ్లి నుండి తిరిగి వస్తూ బస్సులో, తిప్పర్తి దాటాక, ఆ ప్రశ్న నాకు మళ్లీ వినపడింది.

ఆ రాత్రే మొదటి రెండు ఎపిసోడ్లు మళ్లీ పెట్టుకున్నాను. మీ నాన్న లేచి వచ్చి ఈ వేళప్పుడు ఇదేమిటన్నారు. బర్నమ్ తన కెప్టెన్‌నూ ఓడలోని వాళ్లనూ కాపాడుకోవాలనే ఆ పని చేస్తుంది. చివరకు కెప్టెన్ బతకదు, నింద మాత్రం ఈమెకు మిగులుతుంది. తీర్పు చెప్పే గదిలో ఆమె నిలబడిన చోట మాత్రమే వెలుగు ఉంటుంది, తీర్పరుల ముఖాలు చీకట్లో ఉంటాయి. తన తరఫున ఆమె ఒక్క మాట కూడా వాదించుకోదు. దీపాల గురించి నేను పైన వ్రాసిన ఫిర్యాదులో ఆ ఒక్క గదిని కొట్టివేస్తున్నాను, అక్కడ చీకటి ఉండవలసిందే. స్పాక్ అక్క విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

నువ్వు నాకు చెప్పాలనుకున్నది అదేనా? కాకపోతే కాదని చెప్పు, ఏమైనా అనుకోను. అదే అయితే, స్వరూపకు నేను చెప్పిన అబద్ధం సంగతి నేను చూసుకుంటాను. నిషెల్ నికోల్స్ కథ ఈసారి ఎత్తనని మాట ఇస్తున్నాను, మీ నాన్న సాక్షి. ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పకపోయినా పై గదిలోని నీ మంచం కోళ్లు బిగించి, బల్బు మార్చి వచ్చారు. ఎందుకని నేను అడగలేదు.

నువ్వు వస్తే మూడో సీజను నుండి కలిసి చూద్దాము, ఆమె కెప్టెన్ అయ్యేది దాని చివరనే గదా. నేను మధ్యలో అవీ ఇవీ అంటాను, నువ్వు సౌండు పెంచుకో.

తోటలోని బత్తాయిలు ఒక పెట్టె, చింతకాయ తొక్కు రెండు సీసాలు, సకినాలు గురువారం రాత్రి బస్సులో వేయిస్తున్నాము. శుక్రవారం పొద్దున ఆరింటికి దింపుకోవాలి. తొక్కు సీసాలు గుడ్డలో చుట్టి బత్తాయిల నడుమ పెట్టాను, పెట్టెను తలకిందులు చేయకు. అందగానే ఫోన్ చేయి. బొటనవేలు పంపితే అందనట్టే లెక్క.

ఇట్లు,
అమ్మ.