బిల్బావో యాత్ర విషయంలో ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: స్పెయిన్ యాత్రలో బిల్బావోలోని గుగ్గెన్‌హైమ్ ఆధునిక కళల మ్యూజియం లోపలికి తీసుకువెళ్లకపోవడం, ఆ తర్వాత మీ సంస్థలో ఎవరూ నా ఫిర్యాదును పట్టించుకోకపోవడం.

అయ్యా,

గత ఏప్రిల్‌లో మీ సంస్థ నడిపిన స్పెయిన్, పోర్చుగల్ యాత్రలో నేనూ నా భార్యా పాల్గొన్నాము. ఆ యాత్రలో మమ్మల్ని బిల్బావో నగరానికి సోమవారం నాడు తీసుకువెళ్లారు. వేసవి నెలల్లో తప్ప ఆ మ్యూజియానికి సోమవారం సెలవు. జరిగిన పొరపాటు ఇంతే. యాత్రలు అన్నాక ఇలాంటివి జరుగుతూనే ఉంటాయని, మరునాడు ఎవరైనా ఫోన్ చేసి "పొరపాటైంది, క్షమించండి" అని ఉంటే ఈ ఉత్తరం వ్రాసే అవసరమే ఉండేది కాదని ముందుగా మనవి చేస్తున్నాను. నా బాధంతా ఆ తర్వాత జరిగిన దాని గురించే.

ముందుగా, ఈ మ్యూజియం నేను దారిలో తగిలిందని చూడాలనుకున్నది కాదు. మీ యాత్రా పుస్తకం అట్ట మీద ఉన్న బొమ్మ అదే. ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చిన మీ విశాఖ శాఖ అబ్బాయి, మా ఇంట్లో కాఫీ తాగుతూ, నెర్వియోన్ నది ఒడ్డున మెరిసిపోయే ఆ టైటానియం కప్పు మీద వేలు పెట్టి, "అంకుల్, మొత్తం ట్రిప్‌కి ఇదే హైలైట్" అని చెప్పాడు. ఆ మాట నమ్మే డబ్బు కట్టాను. తిరిగి వచ్చాక మొదట వెళ్లింది కూడా అతని దగ్గరికే. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసిన ఆ అబ్బాయి, విషయం వినగానే కంప్యూటర్ వైపు తిరిగిపోయి, "బుకింగ్ వరకే మాది, టూర్ నడిపేది ముంబయి వాళ్లు" అన్నాడు. ఈసారి కాఫీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సరే, ముంబయి వారికే ఫోన్ చేశాను. మీ ప్రకటనలు సాయంత్రం సీరియళ్ల మధ్య చక్కని తెలుగులో వస్తాయి గానీ, ఫిర్యాదు చేయాలంటే మాత్రం హిందీకి ఒకటి, ఇంగ్లీషుకు రెండు నొక్కాలి. నా కాల్ మీకు ఎంతో ముఖ్యమని ఒక యంత్రం చాలాసేపు చెప్పిన తర్వాత ఒక అమ్మాయి లైన్లోకి వచ్చి, నా బుకింగ్ నంబరు, పుట్టిన తేదీ, చివరికి నా భార్య పాస్‌పోర్టు గడువు తేదీ కూడా అడిగి తెలుసుకుని, కాసేపు ఏదో వెతికి, "సర్, గుగ్గెన్‌హైమ్ మ్యూజియం న్యూయార్క్‌లో ఉంది, మీ ప్యాకేజీలో అమెరికా లేదు" అని తేల్చేసింది. న్యూయార్క్‌లో ఉన్నది ఫ్రాంక్ లాయిడ్ రైట్ నిర్మించగా 1959లో తెరిచిన భవనమనీ, నేను అడుగుతున్నది ఫ్రాంక్ గేరీ రూపకల్పన చేయగా 1997లో స్పెయిన్‌లో తెరిచిన దాని గురించనీ, మీ పుస్తకం అట్ట ఒకసారి చూడమనీ ఎంతో ఓపికగా చెప్పాను. "వన్ మినిట్ సర్" అని హోల్డ్‌లో పెట్టింది. సంగీతం బాగానే ఉంది, మధ్యలో తెగిపోయింది.

తర్వాత మెయిల్ పంపాను. నా ఫిర్యాదుకు ఒక నంబరు కేటాయించినట్టు నిమిషంలో జవాబు వచ్చింది. ఆ వేగం చూసి సంతోషించాను కూడా. మర్నాడు నా సమస్య పరిష్కారమైందనీ, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారనీ అడుగుతూ సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో అడుగుదామని అదే మెయిల్‌కు జవాబిస్తే, ఈ చిరునామాకు వచ్చే ఉత్తరాలను ఎవరూ చదవరని ఇంకో యంత్రం తెలియజేసింది. మళ్లీ కొత్త ఫిర్యాదు, మళ్లీ కొత్త నంబరు, మళ్లీ "పరిష్కారం". మీ సంస్థలో సమస్యలు ఎంత సులభంగా పరిష్కారమవుతాయో, సమస్య ఉన్నవాడికి తప్ప అందరికీ తెలుస్తున్నట్టుంది.

పట్టు వదలకుండా రాయగా రాయగా, సీనియర్ అధికారినని చెప్పుకున్న ఒకాయన జవాబిచ్చారు. పేరు లేదు, కింద "టీమ్" అని మాత్రం ఉంది. ఆ మ్యూజియం సోమవారాల్లో కూడా తెరిచే ఉంటుందనీ, కావాలంటే చూసుకోమనీ ఒక వేళల పట్టిక జతచేశారు. ఆ పట్టిక జులై, ఆగస్టు నెలలది. మేము వెళ్లింది ఏప్రిల్‌లో అని మొదటి వాక్యంలోనే వ్రాశాను. మొదటి వాక్యం కూడా చదవకుండా జవాబు వ్రాయగలిగిన ఆయన నేర్పును మెచ్చుకోక తప్పదు.

ఆ తర్వాత ఫోన్ చేసిన వ్యక్తి వాదన వినదగినది. మ్యూజియం ముందు పూలమొక్కలతో కప్పిన జెఫ్ కూన్స్ కుక్కపిల్లను చూశాం గదా, వెనక నది వైపు లూయీజ్ బూర్జువా చేసిన తొమ్మిది మీటర్ల కంచు సాలీడును చూశాం గదా, ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ 73 ఉక్కు గోళాలతో నిలబెట్టిన శిల్పం ముందు ఫోటోలు కూడా దిగాం గదా, అసలు ప్రపంచమంతా అక్కడికి వచ్చేదే భవనం కోసం గదా, ఇంకేం మిగిలిందని ఆయన ప్రశ్న. తిరుమల కొండెక్కించి, మహాద్వారం ముందు ఫోటో తీయించి, దర్శనం అయిపోయింది దిగండి అన్నట్టుంది ఈ మాట.

నిజమే, బయటినుంచి చూశాము. అర మిల్లీమీటరు కూడా మందం లేని ఆ టైటానియం రేకులు, మబ్బు పట్టినప్పుడు సీసం రంగులోనూ, ఎండ తగలగానే లేత బంగారు ఛాయలోనూ కనబడడం, దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో రేకూ కాస్త ఉబ్బి, చేప పొలుసులా పక్కదానితో కలిసిపోవడం చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. గోళాల్లో మా బృందమంతా, మా వెనక మూసి ఉన్న తలుపులూ, డెబ్బై మూడు సార్లు కనిపించాయి. అయితే నేను ఖండాలు దాటి వెళ్లింది లోపలున్న దాని కోసం.

నేను పదవీ విరమణ చేసేదాకా విశాఖ ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లులో పనిచేశాను. మా మిల్లుల్లో తయారయ్యేవి కడ్డీలు, తీగలు, సెక్షన్లు. ప్లేట్లు, అంటే వెడల్పాటి ఉక్కు పలకలు, మా దగ్గర తయారు కావు. బిల్బావో మ్యూజియంలో ఒక్క స్తంభం కూడా లేని, దాదాపు 130 మీటర్ల పొడవైన హాలులో, రిచర్డ్ సెర్రా అనే శిల్పి నిలబెట్టిన ఎనిమిది ఉక్కు నిర్మాణాలు ఉన్నాయి. రెండంగుళాల మందం ప్లేట్లను మనిషికి రెండింతల ఎత్తున వంచి, పైన వాలిపోతున్నట్టు మెలితిప్పి, వేరే ఆధారం ఏదీ లేకుండా వాటి బరువు మీదే అవి నిలబడేలా పెట్టారు. ఆ గోడల మధ్య సన్నని దారిలో సుడి తిరుగుతూ లోపలికి నడిచి వెళ్లాలి. వేడి ఉక్కు ఎంత మొండిదో చేతులతో తెలిసినవాడికి ఆ నడక ఏమిటో మీ ఫోన్ మనిషికి ఎలా చెప్పను? చెప్పడానికి ప్రయత్నించాను. "స్టీల్ ఐటమ్స్ మిస్ అయ్యారు, నోట్ చేసుకున్నాను సర్" అన్నాడు.

అలా నోట్ చేసుకున్న దాని ఫలితంగా నాకు రెండు వేల రూపాయల కూపన్ వచ్చింది. రెండు లక్షలు దాటిన తదుపరి యాత్రకు, అదీ మూడు నెలల లోపు బుక్ చేసుకుంటేనే అది చెల్లుతుందట. మీ ఔదార్యానికి కృతజ్ఞతలు, కూపన్ మీ దగ్గరే ఉంచండి.

కాశీ, గయ యాత్రకు మీతోనే వెళ్లాము. చార్‌ధామ్ మీతోనే. సింగపూర్ మీతోనే. కొండచరియలు విరిగి దారిలో చిక్కుకున్న రోజున కూడా మీ మేనేజరు రాత్రంతా మేలుకుని అందరికీ దుప్పట్లు చూశాడని నలుగురికీ చెప్పుకున్నవాడిని నేను. నా మాట మీద మా కాలనీలో ఎన్నో కుటుంబాలు మీ దగ్గర డబ్బు కట్టాయి. ఆ మేనేజరు ఇప్పుడు మీ దగ్గర ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే ఈ ఉత్తరం ఆయనకు చూపించండి.

ఈ ఫిర్యాదును మామూలు మెయిల్‌తో సరిపెట్టకుండా రిజిస్టర్డ్ పోస్టులో పంపడానికి అసలు కారణం మరొకటి. మొన్న మీ కొత్త యాత్రా పుస్తకం వాట్సాప్‌లో వచ్చింది. అట్ట మీద మళ్లీ అదే భవనం. అక్టోబరు బృందానికి మీరు వేసిన పట్టికను క్యాలెండరుతో పోల్చి చూశాను. బిల్బావో రోజు మళ్లీ సోమవారమే. అంటే ఇన్ని నెలలుగా నేను ఎవరితో మాట్లాడాను? ఆ "నోట్ చేసుకున్నది" ఎక్కడ నోట్ చేసుకున్నారు? ఆ బృందంలో వెళ్లడానికి మా వీధిలో వారే ఇద్దరు అడ్వాన్సు కట్టారు. వారికి విషయం చెప్పాను, మీరు చెప్పేలోపు తెలియడం మంచిదని.

కాబట్టి ఆ పట్టికను తక్షణం మార్చాలనీ, మాకు జరిగిన నష్టానికి మీకు న్యాయమని తోచిన సొమ్ము తిరిగి ఇవ్వాలనీ, అన్నిటికంటే ముందు పేరూ ఫోన్ నంబరూ ఉన్న ఒక మనిషి సంతకంతో జవాబు రావాలనీ కోరుతున్నాను. పదిహేను రోజుల్లో అది అందకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. మీ ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా, నేను నివసించే విశాఖలోనే కేసు వేసే హక్కు ఆ చట్టం నాకు ఇచ్చింది. మేము చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపే కాబట్టి రుసుము కూడా లేదు. అట్ట బొమ్మ, వేళల పట్టిక, మీరు "పరిష్కరించిన" ఫిర్యాదు నంబర్లన్నీ వరుసగా కాగితాల మీద ముద్రించి ఫైలు కట్టి ఉంచాను. పదవీ విరమణ చేసినవాడిని, నాకు సోమవారాలు కూడా ఖాళీయే.

ఇట్లు,
ఇప్పటికీ మీ జాబితాలో "విలువైన ప్రయాణికుడు"గా ఉన్నవాడు,
విశాఖపట్నం

జతపరచినవి: యాత్రా పుస్తకం అట్ట ప్రతి, చెల్లింపు రశీదులు, ఉత్తర ప్రత్యుత్తరాల ప్రతులు, వాడని కూపన్.