వార్షిక నివేదిక 2025: బూతులు తిట్టారు అంటే చాలదు

అందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, క్రికెట్, జమాఖర్చులు వెనక పేజీల్లో ఉన్నాయి, ముందు ఈ ఏడాది మన సంఘం కమిటీ టైమంతా తినేసిన సంగతి, ఇక్కడ ఐర్లాండ్‌లో ఇండియన్ల మీద దాడుల గురించి చెప్తా.

జూలై 19న డబ్లిన్ టాలాలో ఒక ఇండియన్ మీద దాడి జరిగాక మన వాట్సాప్ గ్రూప్ రెండ్రోజులు ఆగలేదు, ఆగస్టు 1న ఇండియన్ ఎంబసీ జాగ్రత్తగా ఉండమని అడ్వైజరీ ఇచ్చింది, ఫీనిక్స్ పార్క్‌లో ఇండియా డే కూడా వాయిదా పడింది. అప్పుడు గానీ బయటికి రాలేదు, బస్టాప్‌లో గుడ్లు విసరడాలు, ఈ-స్కూటర్ల మీద పోతూ తిట్టడాలు మనవాళ్ళకి ఎప్పట్నుంచో అవుతున్నాయని. ఒక్కరూ కంప్లైంట్ ఇవ్వలా. ఎందుకంటే, "పిల్లకాయలులే అండి", "పర్మిట్ రెన్యువల్ ఉంది, ఎందుకొచ్చిన గొడవ". బాబూ, కంప్లైంట్ ఇస్తే పర్మిట్‌కి ఏం కాదు.

అక్టోబర్లో హాల్లో సెషన్ పెట్టాం, జనం తక్కువ, సమోసాలు మిగిలాయి. వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి రాసుకున్న కంప్లైంట్ చూపించింది: "ఇద్దరు అబ్బాయిలు బూతులు తిట్టి కారు అద్దం పగలగొట్టారు." ఏమని తిట్టారమ్మా అంటే పక్కన మావగారున్నారని నోరు తెరవలేదు, తర్వాత కాగితం మీద రాసిచ్చింది, ఇండియన్లు అంటూ ఓ బూతు, మీ దేశం పొండి అని. అసలు కేసు అదే కదా! ఉత్త అద్దమైతే మామూలు నష్టం, దానికి ముందో వెనకో ఆ మాట వచ్చిందంటే 2024 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉన్న హేట్ అఫెన్సెస్ (ద్వేష నేరాల) చట్టం కింద శిక్ష పెరుగుతుంది. కాబట్టి సిగ్గుపడకుండా, అన్న మాట అన్నట్టే, ఇంగ్లీషులోనే రాయండి.

ద్వేషంతో చేశారని మీకు గానీ, చూసినవాళ్ళకి గానీ అనిపిస్తే చాలు, గార్డా (ఇక్కడి పోలీసులు) దాన్ని హేట్ క్రైమ్‌గానే నమోదు చేసుకోవాలి. ప్రమాదంలో ఉంటే 999 లేదా 112, లేకపోతే స్టేషన్‌కెళ్ళండి, గార్డా వెబ్‌సైట్లో ఆన్‌లైన్ ఫారం కూడా ఉంది. పల్స్ నంబర్ (వాళ్ళ కంప్యూటర్లో మీ కేసు నంబర్) అడిగి తీసుకోండి. సీసీటీవీ ఎక్కువ రోజులు ఉంచరు, షాపువాళ్ళని ఆరోజే అడగాలి. మనసు బాలేకపోతే బాధితుల హెల్ప్‌లైన్ 116006.

ఒక స్టేషన్‌లో మన సభ్యుడిని రేపు రమ్మని పంపేశారు, మర్నాడు కమిటీవాళ్ళం ఇద్దరం వెంట వెళ్తే పావుగంటలో రాసుకున్నారు. అందుకే తోడు వచ్చేవాళ్ళ లిస్టు మొదలుపెట్టాం, ఇప్పటికి ఆరుగురం, అందరం పగలు ఆఫీసువాళ్ళమే. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళెవరైనా ఉంటే పేరివ్వండి.