‘ఆంధ్రా అల్లుడి’ కంటే ఆ 7 శాతం ముఖ్యం

సంపాదకుడు గారికి నమస్కారం.

2024 జూలై 15న ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి. వాన్స్‌ పేరు ప్రకటించారో లేదో, కెమెరాలు తణుకు దగ్గరి వడ్లూరికి బయల్దేరాయి. ఉషా చిలుకూరి భర్త కనుక ఆయన ‘ఆంధ్రా అల్లుడు’ అయిపోయారు. వారం తిరక్కుండా బైడెన్ తప్పుకుని కమలా హారిస్ ముందుకు రాగానే, తమిళనాడులో ఆమె తాతగారి ఊరు తులసేంద్రపురం గుడి అర్చనలు తెరకెక్కాయి. అమెరికా ఎన్నికలు మనకు పెళ్లిచూపుల్లా ఎందుకు కనిపిస్తాయి? అబ్బాయిది ఏ ఊరు, మనకేమవుతాడు అన్న దగ్గరే వార్త ఆగిపోతోంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఏ దేశపు పత్రికైనా అమెరికా అభ్యర్థుల్లో తనవాణ్ని వెతుక్కుంటుంది. 2008 జూలైలో ఒబామా బెర్లిన్ విజయస్తంభం దగ్గర మాట్లాడితే సుమారు 2 లక్షల మంది వచ్చారు. వాళ్లలో ఓటున్నవాళ్లు ఎందరుంటారు? 2012లో బీబీసీ వరల్డ్ సర్వీస్ 21 దేశాల్లో సర్వే చేయిస్తే ఒబామాకు 50 శాతం, ప్రత్యర్థి రోమ్నీకి 9 శాతం వచ్చింది. అమెరికాలో పెట్టెలు తెరిచాక తేలింది 51, 47. బయటి పేపర్లు మాత్రమే చదివినవాడికి అది ఏకపక్షమైన పోటీ. అక్కడి ఓటరుకు హోరాహోరీ.

ఈ విషయంలో అందరికంటే ఖరీదైన పాఠం నేర్చుకున్నది బ్రిటన్ పత్రిక గార్డియన్. 2004 అక్టోబరులో ఒహాయో రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీ ఓటర్ల జాబితా కొని, ఏ పార్టీకీ చెందని ఓటర్ల పేర్లు, చిరునామాలు తన పాఠకులకు మనిషికొకటి చొప్పున పంచింది. ఉత్తరాలు రాసి ఒప్పించమంది. కౌంటీ ఎంపిక తెలివైనదే. 2000లో అక్కడ బుష్ మీద డెమొక్రాట్ గోర్ గెలిచింది 324 ఓట్లతో. పథకమే తెలివితక్కువది. మా ఓటు గురించి చెప్పడానికి మీరెవరని అమెరికా నుంచి తిట్లు కుప్పలుగా వచ్చాయి, గార్డియన్ వాటినీ అచ్చు వేసింది, పథకాన్ని మధ్యలోనే ఆపేసింది. నవంబరులో క్లార్క్ కౌంటీ బుష్ వైపు తిరిగింది. ఒహాయోలో గోర్ గెలిచిన కౌంటీల్లో, 2004 డెమొక్రాట్ అభ్యర్థి కెర్రీ పోగొట్టుకున్నది అదొక్కటే. ఉత్తరాల వల్లే ఓడాడనడానికి ఆధారం లేదు కానీ, వాటివల్ల లాభం లేదని మాత్రం తేలింది. ఫలితాల తర్వాత డైలీ మిర్రర్ ఇంకో అడుగు ముందుకేసి, 5,90,54,087 మంది ఇంత మందమతులు ఎలా అయ్యారని మొదటి పేజీలో అడిగింది. లెక్కింపు అప్పటికి పూర్తే కాలేదు. చివరికి బుష్‌కు వచ్చినవి 6 కోట్ల 20 లక్షలు.

మన పేపర్లు ఓటర్లను తిట్టవు, అది మెచ్చుకోవాల్సిందే. పొరపాటు జరిగేది లెక్కల దగ్గర. ‘దేశవ్యాప్త సర్వేలో ఫలానావారికి 3 శాతం ఆధిక్యం’ అన్న ఏజెన్సీ వార్త యథాతథంగా వచ్చేస్తుంది. అక్కడ రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 తెచ్చుకున్నవాడు అధ్యక్షుడు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా మొత్తం వాటా గెలిచినవాడిదే. 2016లో హిల్లరీకి దేశం మొత్తమ్మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడారు. 2020లో బైడెన్ ఆధిక్యం 70 లక్షలు. అయినా ఆరిజోనాలో 10,457, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్ల తేడా అటుదిటు అయి ఉంటే ఇద్దరికీ 269 చొప్పున వచ్చి ఆగిపోయేది. కాబట్టి జాతీయ సర్వే వేసేటప్పుడు పక్కనే ఇలా హోరాహోరీగా ఉండే నాలుగైదు రాష్ట్రాల అంకెలు లేకపోతే, ఆ వార్త వేయకపోయినా నష్టం లేదు.

లెక్కింపు వేళ ఇంకో చిక్కు. మన ఎన్నికల సంఘంలా దేశమంతటికీ ఫలితం ప్రకటించే సంస్థ అక్కడ లేదు. ఫలానా రాష్ట్రం ఫలానావారిదని ఆ రాత్రి చెప్పేది వార్తాసంస్థలే. 2020లో అసోసియేటెడ్ ప్రెస్, ఫాక్స్ సంస్థలు ఆరిజోనాను ముందుగానే బైడెన్ ఖాతాలో వేశాయి, మిగతావి ఆగాయి. అందుకే రోజుల తరబడి బైడెన్ ఎలక్టోరల్ ఓట్లు ఒక చానెల్లో 264, ఇంకో చానెల్లో 253 అని కనిపించాయి. రెండూ తప్పు కాదు. పక్కన ‘లెక్క ఎవరిది’ అని రాయకపోవడమే తప్పు. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్లలో పోస్టల్ ఓట్ల కవర్లు పోలింగ్ రోజుకు ముందు తెరవకూడదు. అందుకే 2020లో మొదట రిపబ్లికన్ల ఆధిక్యం కనిపించి తర్వాత కరిగింది. ఈ సంగతి ముందే రాసి ఉంటే ‘అనూహ్య మలుపు’ అన్న శీర్షిక అవసరం ఉండేది కాదు.

ఇక మనకు నిజంగా సంబంధం ఉన్నది, గ్రీన్‌కార్డు. ఉద్యోగం మీద ఇచ్చేవి ఏటా సుమారు 1,40,000. మిగతా దేశాల వాటా మిగిలితే తప్ప, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ 7 శాతం దాటి ఇవ్వకూడదని 1990 నాటి చట్టం. భారత్‌కూ ఐస్‌లాండ్‌కూ ఒకటే గీత. దాన్ని చెరపడం అధ్యక్షుడి చేతిలో లేదు, కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) చేతిలో ఉంది. ఆ గీత తీసేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ మార్పులతో ఆమోదించింది. రెండు రూపాలూ కలవక గడువు ముగిసి చచ్చిపోయింది. సెనేట్‌లో దాన్ని యూటా రిపబ్లికన్ మైక్ లీతో కలిసి ప్రవేశపెట్టింది ఎవరనుకున్నారు? కమలా హారిస్. గుడి అర్చనకు దొరికిన చోటులో సగమైనా ఈ విషయానికి దొరికిందా?

2024 జూన్‌లో ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో, అమెరికాలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు పట్టాతో పాటే గ్రీన్‌కార్డు ఇవ్వాలన్నారు. ఇక్కడ పండగే. కాసేపటికే ఆయన ప్రచార బృందం, గట్టిగా వడపోశాక మిగిలిన అత్యంత నిపుణులకే అని సవరించింది. 2025 సెప్టెంబరు 19న అదే ట్రంప్ కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అధ్యక్షుడు ఒక్క సంతకంతో చేయగలిగింది అలాంటిది. ఏటా 65,000, అమెరికా మాస్టర్స్ వాళ్లకు మరో 20,000 అన్న పరిమితిని మాత్రం ఆయన మార్చలేరు. అభ్యర్థి ఏ హామీ ఇచ్చినా దాని కింద ‘సంతకం చాలు’ లేదా ‘కాంగ్రెస్ ఒప్పుకోవాలి’ అని ఒక్క ముక్క చేర్చండి, చాలు.

తర్వాతి అధ్యక్ష ఎన్నికల పోలింగ్ 2028 నవంబరు 7, మంగళవారం. తూర్పు తీరంలోని కొన్ని రాష్ట్రాల్లో సాయంత్రం 7కు పోలింగ్ ముగిసేసరికి మనకు బుధవారం తెల్లవారి 5:30. మీ పేపరు అప్పటికే గుమ్మంలో ఉంటుంది, అందులో ఫలితం ఎలాగూ ఉండదు. ఆ రోజు మొదటి పేజీలో అభ్యర్థి పూర్వీకుల ఊరి ఫొటోకు బదులు, కీలక రాష్ట్రాల పట్టిక ఒకటి వేయండి: ఎలక్టోరల్ ఓట్లు ఎన్ని, పోలింగ్ ముగిసేది మన టైమ్‌లో ఎప్పుడు, పోస్టల్ ఓట్లు ముందే విప్పుతారా లేదా. పాఠకులు టీవీ పక్కన పెట్టుకుని చూసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం