కరువు ఏడాదిలోనే కర్నూలు మునిగింది మంత్రి గారూ

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలు కంటే వేడెక్కే ఎల్ నినో వస్తుందంటే చాలు మన దగ్గర అందరూ కరువు గురించే మాట్లాడతారు సార్. కంటింజెన్సీ ప్లాన్ అంటారు, తక్కువ రోజుల్లో చేతికొచ్చే విత్తనాలు చూస్తారు, తాగునీళ్ల ట్యాంకర్లు లెక్కేస్తారు, అవన్నీ చేయాల్సినవే, కాదనట్లేదు. మరి అదే ఏడాది వరదొస్తే ఏం చేస్తారు అని అడిగేవాళ్లే ఉండరు, మాది కర్నూలు కాబట్టి నేను అడుగుతున్నా.

2009 ఎల్ నినో ఏడాదే కదా. దేశం మొత్తమ్మీద నైరుతి రుతుపవనాల వాన 22 శాతం తక్కువ పడింది, కరువనే అనుకున్నాం. సెప్టెంబర్ ఆఖర్లో అల్పపీడనం పట్టి పైన కర్ణాటకలోనూ ఇక్కడ మన దగ్గరా కుంభవృష్టి కురిసింది, అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. శ్రీశైలం డ్యామ్‌ని 19 లక్షల క్యూసెక్కుల వరదకి డిజైన్ చేస్తే వచ్చింది దాదాపు 25 లక్షలు. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీళ్లు 896 దాకా ఎక్కాయి. డ్యామ్ నిలబడింది కాబట్టి కింద ఊళ్లు బతికిపోయాయి.

నీళ్లు తీశాక పాతబస్తీలో ఇంటింటా బురదే. చెక్క బీరువాలు ఉబ్బిపోయి తలుపులు రాలేదు, పగలగొట్టి చూస్తే పట్టాదారు పాస్‌బుక్కులు, టెన్త్ సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటోలు అన్నీ ముద్దలా అంటుకుపోయి ఉన్నాయి, వాటినే ఒక్కో కాగితం విడదీసి మిద్దెల మీద రాళ్లు పెట్టి ఎండేసుకున్నారు జనం.

కరువు ఏడాదిలో వరదెట్లా వచ్చింది అంటే, నాలుగు నెలల్లో పడే మొత్తం వాన వేరు, రెండ్రోజుల్లో పడే వాన వేరు. పసిఫిక్ సముద్రంలో ఎల్ నినో, మన హిందూ మహాసముద్రంలో డైపోల్ (అంటే తూర్పు, పడమర వైపు నీళ్ల వేడిలో తేడా), ఇవి కొన్నేళ్లకోసారి అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి, మనుషులు బొగ్గు కాల్చకముందూ ఉన్నాయి. అవి సీజన్‌ని ఒక వైపుకి మొగ్గేలా చేస్తాయి తప్ప ఫలానా రోజు వాన పడదు అని హామీ ఇవ్వవు. అసలు 1997లో అంత గట్టి ఎల్ నినో వచ్చినా డైపోల్ కలిసొచ్చి దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి.

వీటి మీద ఇప్పుడు భూమి వేడెక్కడం కూడా తోడైంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అందుకే పడని రోజులు పడకుండా పోయి పడిన రోజు కుమ్మేస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 లోపు మూడింతలయ్యాయని పుణె శాస్త్రవేత్తలు 2017లోనే చెప్పారు. కర్నూలు వరద వేడెక్కడం వల్లే వచ్చిందని నేననట్లేదు, ఒక్క వరదని పట్టుకుని అట్లా చెప్పడం కరెక్ట్ కాదు. కానీ అలాంటి వాన మళ్లీ పడే ఛాన్స్ పెరుగుతోందని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. 2009 వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.10 లక్షల క్యూసెక్కులు వస్తే అదే రికార్డు అన్నాం, 2024 సెప్టెంబర్‌లో ఎల్ నినో లేదు, దానికి ఉల్టా అయిన లా నినా లేదు, అయినా 11.43 లక్షలొచ్చింది, బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. బ్యారేజీ కెపాసిటీయే 11.9 లక్షలు. ఇంకెంత మార్జిన్ ఉంది సార్?

ఇక్కడో చిక్కుంది, అది నాకూ తెలుసు. శ్రీశైలం నీళ్లని మళ్లించే పోతిరెడ్డిపాడు గేట్ల నుంచి సీమకి నీళ్లు రావాలంటే శ్రీశైలంలో మట్టం పైన ఉండాలి, కరువు ఏడాదిలో అయితే డ్యామ్ నింపి పెట్టండి అని అందరికంటే ముందు అడిగేది మేమే. అందుకే సెప్టెంబర్, అక్టోబర్‌లో అల్పపీడనం సూచన వచ్చినప్పుడు ఎన్ని అడుగులు ఖాళీ ఉంచాలి, ఎవరు ఆర్డర్ ఇవ్వాలి అనేది ఆ రాత్రి ఫోన్ల మీద తేల్చుకునే విషయం కాకూడదు, ముందే రాసి పెట్టుకోవాలి, కర్ణాటక, తెలంగాణ ఇంజినీర్లని కూడా కూర్చోబెట్టి జూన్ లోపే తేల్చండి, తేల్చింది జనానికి చెప్పండి. పాత లెక్కల మీద వేసిన డిజైన్ ఫ్లడ్‌ని, అంటే డ్యామ్ తట్టుకోవాల్సిన వరదని, కొత్త వానలతో మళ్లీ లెక్క కట్టించండి. శ్రీశైలం కింద గేట్ల నీళ్లు దూకే ప్లంజ్ పూల్‌లో పడ్డ గొయ్యి సంగతి ఇంకా నానబెట్టొద్దు, దయచేసి.

మా ఊరికి ఒక్కటి అడుగుతున్నా. మాకు పైన తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీ నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే ఏ వార్డులో ఏ వీధి దాకా నీళ్లొస్తాయో తెలుగులో మ్యాప్ వేయించి ప్రతి సచివాలయం గోడకీ అంటించండి, ఈ వానాకాలం లోపే.

ఇట్లు,
కర్నూలు పాతబస్తీ వాసి