చిన్న స్ట్రోకే కదా అని పెద్దవాళ్లను పంపేయకండి

సంపాదకులకు,

మూతి వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, అరగంటలో మళ్లీ మామూలైపోతే ఇంట్లోవాళ్లు "తగ్గిపోయింది కదా, ఇంక ఆస్పత్రి ఎందుకు?" అనుకోవడం సహజం. మా బాధల్లా అదే మాట క్యాజువాలిటీలో కూడా వినబడుతోందని. సీటీ స్కాన్ తీసి, ఏమీ లేదని చెప్పి, రెండు మాత్రలు రాసి ఆ పెద్దాయన్ని అదే రాత్రి ఇంటికి పంపేస్తున్నారు. మెదడు రక్తనాళానికి రక్తం గడ్డ కాసేపు అడ్డుపడి తొలగిపోయే ఈ మినీ స్ట్రోక్‌లో మామూలు సీటీ చాలాసార్లు శుభ్రంగానే ఉంటుంది. అది తీసేది ముఖ్యంగా మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. రక్తం గడ్డ ఎక్కడ పుట్టిందో అది చెప్పదు.

గడ్డ కరిగింది కాబట్టి చేయి లేచింది, మాట వచ్చింది. గడ్డ పుట్టిన చోటు మాత్రం అలాగే ఉంది. వెంటనే వైద్యం అందని రోజుల్లో, మినీ స్ట్రోక్ వచ్చిన ప్రతి వందమందిలో దాదాపు పదిమందికి మూడు నెలల్లోపు పూర్తి పక్షవాతం వచ్చేదని 2000 ప్రాంతపు అధ్యయనాలు చెప్పాయి. అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే. పరీక్షలు, మందులు ఆలస్యం లేకుండా మొదలుపెడితే ఆ పది రెండుకు పడిపోయిందని 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో తేలింది. అంటే పంపేస్తున్న ఆ రెండు రోజులే అన్నిటికన్నా విలువైనవి.

ఆ రెండు రోజుల్లో ఏం చూడాలి? ముందు వేలిమీద సూదితో షుగర్. షుగర్ బాగా పడిపోయినా అచ్చం స్ట్రోక్‌లాగే కనిపిస్తుంది. తర్వాత ఎంఆర్‌ఐలో డిఫ్యూజన్ చిత్రాలు (రక్తం అందక తాజాగా దెబ్బతిన్న మెదడు భాగాన్ని చూపేవి). లక్షణాలు పూర్తిగా పోయినవారిలో కూడా మూడోవంతు మందికి అందులో చిన్న దెబ్బ కనిపిస్తుంది. వారాలు గడిస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. మెడ రక్తనాళాలకు డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) గానీ యాంజియోగ్రామ్ (నాళాల చిత్రం) గానీ తప్పదు. ఎడమ చేయి పడిపోతే మొదట అనుమానించాల్సింది కుడివైపు మెడ నాళాన్ని. అక్కడ 70 శాతానికి మించి సన్నబడి ఉంటే, ఆ నాళాన్ని శుభ్రం చేసే ఆపరేషన్ వల్ల ఎక్కువ మేలు రెండు వారాల్లోపు చేస్తేనే. "వచ్చే నెల రండి" అంటే ఆ మేలు చాలావరకు చేజారినట్టే. ఇక గుండె లయ. ఒక్క ఈసీజీ బాగుందని వదిలేయకూడదు. లయ తప్పడం వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి కనీసం 24 గంటలు, వీలైతే ఇంకా ఎక్కువ రోజులు మానిటర్ పెట్టాలి. లయ తప్పుతోందని తేలితే మందే మారుతుంది, ఆస్పిరిన్ సరిపోదు.

మాత్రల దగ్గరే ఎక్కువ పొరపాట్లు. రక్తస్రావం ముప్పు లేక, గుండె లయ బాగుండి, మళ్లీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఎక్కువున్నవారికి రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి సాధారణంగా 21 రోజులు ఇస్తారు, ఆ తర్వాత ఒక్కటే. చీటీలో మాత్రం "కంటిన్యూ" అని ఉంటుంది. కొందరు ఆర్నెల్లు రెండూ మింగుతూ కడుపులో రక్తస్రావంతో తిరిగొస్తారు. కొందరు స్ట్రిప్ అయిపోగానే రెండూ మానేస్తారు. క్లోపిడోగ్రెల్ వాడేవారికి గ్యాస్ మాత్ర అవసరమైతే ఒమెప్రజోల్ కాక పాంటోప్రజోల్ మేలు, ఎందుకంటే ఒమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తుంది. మోకాళ్ల నొప్పికని అలవాటుగా వేసుకునే ఐబుప్రోఫెన్ ఆస్పిరిన్‌కు అడ్డుపడుతుంది, రక్తస్రావాన్నీ పెంచుతుంది. అందుకే ఇంట్లో వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తెప్పించుకుని చూడాలి.

వార్డులో అందరూ మరిచేది మింగుడు పరీక్ష. మాట బాగానే వస్తోందని నీళ్ల గ్లాసు చేతికిచ్చేస్తారు. మింగుడు చూడకుండా తిండి, నీళ్లు, మాత్రలు ఏవీ నోట్లోకి పోకూడదు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి ముందు ఒక చెంచా నీళ్లు, బాగుంటే మరో రెండు చెంచాలు, ఆ తర్వాతే గ్లాసు. ప్రతి గుక్క తర్వాత "ఆ" అనిపించాలి. పొలమారినా, గొంతు తడిగా గరగరమన్నా అక్కడితో ఆపి డాక్టర్‌కు చెప్పాలి. పొలమారిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు.

కళ్లజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్లు పోతాయన్న భయంతో ఇంటికి పంపేస్తారు. అవి లేకపోతే రాత్రికల్లా ఆ మనిషి అయోమయంలో పడి మంచం దిగబోతారు. అవసరం లేకుండా యూరిన్ పైపు వేస్తే ఇన్ఫెక్షన్. నడవగలిగినవారిని మంచానికి కట్టిపడేస్తే కాళ్ల బలం రోజుల్లోనే పోతుంది. లేపే ముందు బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడాలి. పై అంకె 20 పాయింట్లు తగ్గితే బీపీ మాత్రల మోతాదు మళ్లీ చూసుకోవాల్సిందే, లేదంటే బాత్రూమ్‌లో తుంటి విరుగుతుంది.

ఆరోగ్యశాఖను మేం కోరేది ఒక్క కాగితం. గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందన్నది, చేసిన పరీక్షలు, మిగిలినవాటి తేదీలు, ఏ మాత్ర ఏ తేదీన ఆపాలి, ఇంట్లో బీపీ ఎంత ఉండాలి, అన్నీ రాసిన ఆ కాగితం చేతిలో పెట్టకుండా డిశ్చార్జ్ చేయకూడదని నిబంధన పెట్టాలి. మళ్లీ మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా, ఒక కంటికి తెర దించినట్టయినా చివరిసారి బాగున్న సమయం రాసుకుని వెంటనే అంబులెన్స్ పిలవాలని అందులో ఉండాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా ఆ సమయం నుంచి నాలుగున్నర గంటలే. రక్తస్రావమో కాదో స్కాన్ చూడకుండా ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వొద్దనీ ఉండాలి. మాత్రలు ఇచ్చేది కూతురైనా కోడలైనా, ఆ కాగితం వాళ్ల చేత చదివించి, 22వ రోజు ఏ మాత్ర ఆపాలో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. ఇదంతా పది నిమిషాల పని.

– స్ట్రోక్ వార్డు నర్సులు, ఫిజియోథెరపిస్టులు