ఆ గడి సర్వర్‌ని అడిగి నింపించండి: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. చాలా ఏళ్లుగా డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. కార్యాలయాలు ఏటా పంపే భద్రతా నివేదికలో ‘డేటాబేస్ వెర్షన్’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి గురించే ఈ లేఖ.

ఆ మధ్య ఒక కార్యాలయంలో సర్వర్ నెమ్మదించిందంటే వెళ్లాను. ఫైల్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పేరు, పక్కన వెర్షన్ 15 అని ఉంది, కింద సంతకం, ముద్ర. లాగిన్ అవగానే తెర మీద మొదటి వరుసలోనే రెండు నంబర్లు కనిపించాయి: పీఎస్‌క్యూఎల్ (సర్వర్‌తో మాట్లాడే క్లయింట్ ప్రోగ్రాం) 15, సర్వర్ 9.6. నివేదిక రాసినతను సర్వర్‌లోకి వెళ్లనే లేదు. తన కంప్యూటర్లోని క్లయింట్‌ని వెర్షన్ అడిగి, అది చెప్పిన 15నే గడిలో ఎక్కించాడు. 9.6కి 2021 నవంబరుతోనే ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, ఆగిపోయాయి. జనం పుట్టిన తేదీలు, చిరునామాలు, ఖాతా నంబర్లు ఆ సర్వర్లోనే ఉన్నాయి. అతన్ని నేను తప్పుపట్టను. గడి నింపమన్నారే గానీ, ఎక్కడ చూసి నింపాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

అడగడానికి నిమిషం పట్టదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండింట్లోనూ ‘సెలెక్ట్ వెర్షన్’ అని కొట్టి పక్కన ఖాళీ బ్రాకెట్లు పెడితే చాలు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బ్రాకెట్లకు బదులు వెర్షన్ ముందు రెండు ‘ఎట్’ గుర్తులు. జవాబిచ్చేది ఆ క్షణాన నడుస్తున్న సర్వరే.

నడుస్తున్న అన్న మాట ఊరికే వాడలేదండీ. ప్యాచ్ వేసి రీస్టార్ట్ చేయకపోతే డిస్క్‌లో కొత్త ప్రోగ్రాం, మెమరీలో పాతది. యంత్రంలో ఏమేం ఇన్‌స్టాల్ అయ్యాయో చెప్పే ప్యాకేజీల జాబితా కొత్త నంబరే చూపిస్తుంది, లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కాసేపు సేవలు ఆపడానికి సంతకం పెట్టే అధికారి దొరక్క నెలల తరబడి ఇలా ఉండిపోయిన సర్వర్లను చూశాను.

2003 జనవరిలో స్లామర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాం) మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని లోపం గుండా కనీసం 75,000 యంత్రాల్లోకి చొరబడింది, చాలావరకు పది నిమిషాల్లోనే. దాన్ని ఆపే ప్యాచ్ 2002 జులైలోనే వచ్చింది. వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిసి ఆ డేటాబేస్ ఇంజిన్ తమ యంత్రంలోకి వచ్చిందన్న సంగతే చాలామందికి తెలియదు. తెలియనిదానికి ప్యాచ్ ఎవరు వేస్తారు?

అందుకే అడుగుతున్నాను. చేత్తో నింపే ఆ గడి తీసేయించండి. ప్రతి సర్వర్ ఇచ్చిన జవాబు వరుస మొత్తం, తేదీతో సహా, నెలనెలా స్క్రిప్ట్ ద్వారా మీ శాఖకు చేరాలి. పక్కనే ఆ వెర్షన్‌కి ప్యాచ్‌లు ఎప్పటిదాకా వస్తాయో ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 5.7కి ఆ గడువు 2023 అక్టోబరుతోనే తీరింది. ఈ జాబితా బయటికి పొక్కకూడదు, దాడి చేసేవాళ్లకు అది దారి చూపిస్తుంది. రీస్టార్ట్‌కి నెలకో రాత్రి సేవలు ఆపుకునే అనుమతి కూడా ఆ ఉత్తర్వులోనే ఇవ్వండి.

నేను చెప్పిన ఆ సర్వర్‌ని ఈ ఉదయం మళ్లీ అడిగాను. 9.6 అనే చెప్పింది.

భవదీయుడు,
ఒక డేటాబేస్ నిర్వాహకుడు